ప్రశ్నకు దేశద్రోహం, లోపానికి మినహాయింపు

రియాక్టరుకు నాసిరకం యంత్రం అమ్మిన కంపెనీకి చట్టమే మినహాయింపు ఇస్తోంది. ఆ యంత్రం నాసిరకమేమో ఒకసారి చూడండని అడిగిన జాలరి మీద దేశద్రోహం కేసు పెట్టారు. అణువిద్యుత్తు విషయంలో మన పాలకులు దేశాన్ని తెచ్చి నిలబెట్టిన చోటు ఇది. 2025 డిసెంబరులో ‘శాంతి’ అనే కొత్త అణువిద్యుత్తు చట్టాన్ని కేంద్రం వారం తిరగకుండానే ఉభయ సభలూ దాటించింది. ముందు పార్లమెంటరీ కమిటీకి పంపి లోతుగా పరిశీలించండని ప్రతిపక్షం మొత్తుకున్నా వినలేదు. ప్రైవేటు కంపెనీలకు రియాక్టర్ల తలుపు తెరిచారు. 2010 నాటి అణు ప్రమాద పరిహార చట్టాన్ని రద్దు చేశారు. ఇంత పెద్ద మార్పు గురించి వీధిలో చర్చ లేదు, గ్రామసభలో చర్చ లేదు. రియాక్టర్ల పక్కన బతకాల్సిన వాళ్లకు అసలు కబురే లేదు.

2010 చట్టంలో సరఫరాదారు బాధ్యత నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది జూన్‌లో భోపాల్ కేసులో తీర్పు వచ్చింది. పాతికేళ్లు ఎదురుచూశాక దోషులకు పడినది రెండేళ్ల జైలు. దేశం భగ్గుమంది. ఆ కోపంలోంచే, లోపమున్న పరికరం వల్ల అణు ప్రమాదం జరిగితే దాన్ని అమ్మిన కంపెనీ నుంచి కూడా సొమ్ము రాబట్టే హక్కు చట్టంలోకి వచ్చింది. విదేశీ కంపెనీలు పదిహేనేళ్లు దాని మీదే పేచీ పెట్టాయి. ఇప్పుడు ఆ హక్కు పోయింది. ఒప్పందంలో రాసుకుంటేనో, సరఫరాదారు కావాలని హాని చేశాడని తేలితేనో తప్ప అతని జోలికి వెళ్లే దారి లేదు. అతి పెద్ద ప్లాంటు నడిపే సంస్థ చెల్లించాల్సిన పరిహారానికి గరిష్ఠ పరిమితి 3,000 కోట్ల రూపాయలు. 2011లో జపాన్‌లో జరిగిన ఫుకుషిమా అణు ప్రమాదం బాధితులకు ఇప్పటిదాకా చెల్లించిన పరిహారం పది లక్షల కోట్ల యెన్‌లు దాటింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

బొగ్గు తగ్గించాలంటే అణువిద్యుత్తు కావాలని, 2047 నాటికి 100 గిగావాట్ల లక్ష్యం చేరాలంటే ప్రైవేటు పెట్టుబడి తప్పదని ప్రభుత్వం చెబుతోంది. ఆ వాదనలో కొంత నిజం ఉండొచ్చు. ఏ కరెంటు మంచిదన్న చర్చ ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇవాళ మమ్మల్ని కలవరపెడుతున్న ప్రశ్న వేరు. ఇక రాబోయే ప్రతి రియాక్టరు పక్కనా ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరు నోరు తెరిస్తే ఏమవుతుంది? తమిళనాడులోని కూడంకుళం అణు ప్లాంటు దగ్గర ఏమైందో చూశాక, ఈ ప్రశ్న అడగకుండా ఎలా ఉండగలం?

తిరునెల్వేలి జిల్లాలో, ఆ ప్లాంటు పక్కనే, ఇడిందకరై ఒక జాలర్ల ఊరు. 2011 మార్చిలో ఫుకుషిమా రియాక్టర్లు పేలడం ఆ ఊరి వాళ్లు టీవీల్లో చూశారు. అదీ సముద్రం ఒడ్డునే, తమ పక్కనున్నదీ సముద్రం ఒడ్డునే. 2004 సునామీ ఎలా వచ్చిందో కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. భయపడ్డారు, అడిగారు. జవాబు రాకపోతే చర్చి ముందు పందిరి వేసుకుని నిరాహార దీక్షలకు కూర్చున్నారు. అందుకు ప్రభుత్వం వాళ్ల మీద ప్రయోగించినవి శిక్షాస్మృతిలో దేశద్రోహం సెక్షను 124ఎ, రాజ్యం మీద యుద్ధం చేశారనే సెక్షను 121. కొన్ని పేర్లు రాసి, ఆ తర్వాత ‘మరికొన్ని వేల మంది’ అని ఎఫ్‌ఐఆర్‌లు నింపారు. ఎవరా వేల మంది? ఎవరైనా కావచ్చు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, చేపలమ్మే ముసలమ్మలు, వలలు బాగుచేసుకునే కుర్రాళ్లు. ఊరు ఊరంతా నిందితులే. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకున్న కుర్రాడికి కేసు అడ్డం వచ్చింది, గల్ఫ్‌లో పని పోయింది. శిక్ష పడకుండానే జీవితాలు నిలిచిపోయాయి.

ఇక్కడ ఒక విషయం ఎంత చెప్పినా తక్కువే. 2011 సెప్టెంబరు 22న తమిళనాడు మంత్రివర్గమే ఒక తీర్మానం చేసింది. ప్రజల భయాలు తీరేదాకా కూడంకుళం పనులు ఆపాలని కేంద్రాన్ని కోరింది. ఇడిందకరై జాలరి అడిగింది అదే. మాటకు మాట అదే. తర్వాత శంకరన్‌కోవిల్ ఉప ఎన్నిక వచ్చింది. 2012 మార్చి 18న పోలింగ్ ముగిసింది, 19న అదే మంత్రివర్గం ప్లాంటుకు పచ్చజెండా ఊపింది, ఊళ్ల చుట్టూ పోలీసులు దిగారు. ఒకే మాట మంత్రివర్గం అంటే తీర్మానం, జాలరి అంటే దేశద్రోహం. తీర్మానం చేసిన మంత్రుల్లో ఒక్కరి మీదైనా కేసు ఉందా? 2011లోనే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం హరిపూర్ రియాక్టర్లు మాకొద్దని తిప్పికొట్టింది. ఆ ముఖ్యమంత్రి మీద ఉందా? 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సభ్యుల మీద ఉందా? లేదు, ఉండకూడదు కూడా. మరి కుర్చీలో ఉన్నవాడికి ఉన్న నోరు ఒడ్డున ఉన్నవాడికి ఎందుకు ఉండకూడదు?

పైగా ఆ జాలర్ల అనుమానాలు గాలి కబుర్లు కావు. కూడంకుళానికి పరికరాలు పంపిన ఒక రష్యన్ కర్మాగారం కొనుగోళ్ల అధికారిని నాసిరకం ఉక్కు కొన్నాడన్న ఆరోపణ మీద 2012లో రష్యాలోనే అరెస్టు చేశారు. 2013 ఏప్రిల్‌లో మొదటి రియాక్టరులో నాలుగు వాల్వులు సరిగా పనిచేయడం లేదని మన అణుశక్తి నియంత్రణ మండలే చెప్పింది. బాగుచేసి మళ్లీ పరీక్షలు జరపాల్సి వచ్చింది. 2019 అక్టోబరులో ప్లాంటు కంప్యూటర్లలోకి మాల్‌వేర్ చొరబడిందని వార్త వస్తే, సైబర్ దాడి అసాధ్యం అంటూ ప్లాంటు అధికారులు కొట్టిపారేశారు. మర్నాడే అణువిద్యుత్ సంస్థ ఒప్పుకుంది. అది పాలనా విభాగం కంప్యూటరులోకే వచ్చిందని, రియాక్టరు నడిపే వ్యవస్థ భద్రంగానే ఉందని సర్దిచెప్పింది. అయి ఉండొచ్చు. కానీ నిన్న లేదన్నవాళ్లు ఇవాళ ఉందంటే, రేపు చెప్పేది ఎవరు నమ్మాలి? ప్లాంటు భద్రతా నివేదికలు బయటపెట్టమని కేంద్ర సమాచార కమిషన్ 2012లో ఆదేశిస్తే, ఆదేశం పాటించడానికి బదులు సంస్థ హైకోర్టుకు వెళ్లింది. కాగితాలు దాచినవాళ్లు దేశభక్తులు, చూపించమన్నవాళ్లు దేశద్రోహులు. ఇది ఏ లెక్క?

హింస మాటకు వద్దాం. అణు ప్లాంట్లను వ్యతిరేకించేవాళ్లు హింసకు దిగుతారని, అభివృద్ధి మీద యుద్ధం చేస్తారని నాయకులు మైకుల ముందు అంటూ ఉంటారు. మరి చనిపోయినది ఎవరు? 2011 ఏప్రిల్‌లో మహారాష్ట్ర జైతాపూర్ ప్రాజెక్టు దగ్గర పోలీసు కాల్పుల్లో ఒక నిరసనకారుడు చనిపోయాడు. 2012 సెప్టెంబరు 10న కూడంకుళం ఒడ్డున గుమిగూడిన జనం మీద లాఠీలు, బాష్పవాయువు ప్రయోగించారు. దాన్ని నిరసిస్తూ రోడ్డెక్కిన మనప్పాడు జాలర్లలో ఒకరు అదే రోజు పోలీసు తూటాకు బలయ్యాడు. మూడు రోజుల తర్వాత ఆ ఊళ్ల జనం సముద్రంలో నడుము లోతు నీళ్లలో చేతులు పట్టుకుని నిలబడ్డారు. రాజ్యం మీద యుద్ధం చేశారని కేసులు పెట్టింది వీళ్ల మీదే. 2018 మే 22న తూత్తుకుడిలో రాగి కర్మాగారం కాలుష్యం మీద వంద రోజులుగా పోరాడుతున్న వాళ్లపై కాల్పులు జరిపారు. పదమూడు మంది చనిపోయారు. తప్పు పోలీసులదేనని విచారణ కమిషన్ తేల్చి చర్యలకు సిఫారసు చేసింది. రాజకీయ హింస అన్న మాటకు అర్థం వెతకాలంటే ఈ చావుల దగ్గరే వెతకాలి.

మన దగ్గరా ఇదే చూశాం. 2010 జులై 14న సోంపేట బీల భూముల దగ్గర థర్మల్ ప్లాంటు వద్దన్న రైతులు, జాలర్ల మీద తూటాలు పేల్చారు. మనుషులు పోయారు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. జనం అడిగిందే సరైనదని అథారిటీ తేల్చిన రోజున, అడిగినందుకు వాళ్ల శవాలు ఊళ్లోకి వచ్చాయి. శ్రీకాకుళం ఇది మరిచిపోలేదు. హైదరాబాద్‌లో, అమరావతిలో, ఢిల్లీలో కూర్చున్నవాళ్లు మరిచిపోయినట్టున్నారు.

విదేశీ హస్తం ఆరోపణ మరీ దారుణం. 2012లో స్వయంగా ప్రధానమంత్రే, అణు కార్యక్రమానికి అమెరికా కేంద్రంగా ఉన్న స్వచ్ఛంద సంస్థలు అడ్డుపడుతున్నాయని ఒక విదేశీ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో అన్నారు. ప్రభుత్వం మారాక 2014లో బయటికొచ్చిన ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదికా అదే పాట పాడింది. పార్టీలు వేరు, పాట ఒకటే. రియాక్టరు విదేశాలది, ఇంధనం విదేశాలది, ఇప్పుడు చట్టం మార్చింది విదేశీ సరఫరాదారుల పట్టుదల మీద. ఇందులో ఎక్కడా వీళ్లకు విదేశీ హస్తం కనిపించలేదు. తాటాకు పందిరి కింద ఉపవాసం కూర్చున్న జాలరి పిడికిట్లోనే కనిపించింది.

ఇంత నమ్మకంగా ప్రజల నోరు మూయించే ప్రభుత్వం తన వైపు పని ఎలా చేసిందో కూడా చెప్పాలి. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో తుక్కు దుకాణంలోకి కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో మూలనపడిన యంత్రాన్ని తుక్కు కింద అమ్మేశారు. దాన్ని విడగొట్టిన కూలీల ఒళ్లు రేడియేషన్‌కు కాలింది, ఒకరు చనిపోయారు. దేశ రాజధానిలో జరిగింది ఇది. రెండేళ్ల తర్వాత కాగ్ నివేదిక వచ్చింది. అణు భద్రత నిబంధనలు ఉల్లంఘిస్తే వేయగల గరిష్ఠ జరిమానా 500 రూపాయలని అందులో ఉంది. నియంత్రణ మండలికి స్వతంత్రత లేదని కూడా తప్పుబట్టింది. రేడియేషన్ నిబంధన తప్పితే 500 రూపాయలు, రేడియేషన్ గురించి అడిగితే యావజ్జీవం పడే సెక్షను. కొత్త చట్టం నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చిందని ప్రభుత్వం గొప్పగా చెప్పుకొంటోంది. మంచిదే, ఎప్పుడో రావాల్సింది. కానీ ఏ సమాచారం రహస్యమో తేల్చే అధికారం మాత్రం కేంద్రం తన గుప్పిట్లోనే ఉంచుకుంది. సమాచారం లేని ఊరికి నియంత్రణ మండలి హోదాతో ఏం పని?

దేశద్రోహం సెక్షను ఇప్పుడు లేదు కదా అని ఎవరైనా అనొచ్చు. 2022 మేలో సుప్రీంకోర్టు 124ఎను పక్కన పెట్టించింది, నిజమే. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో సెక్షను 152 చదవండి. దేశ సార్వభౌమత్వం, ఐక్యతలకు ముప్పు అన్న పేరుతో ఆ కత్తి అక్కడే ఉంది. యావజ్జీవం కాకుండా వేసే శిక్ష పాతదానిలో మూడేళ్ల దాకా, కొత్తదానిలో ఏడేళ్ల దాకా. పేరు మార్చి పదును పెంచారు. కూడంకుళం ప్లాంటుకు అనుమతిస్తూ 2013 మే 6న ఇచ్చిన తీర్పులోనే, నిరసనకారుల మీద క్రిమినల్ కేసులు ఎత్తేయడానికి ప్రయత్నించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ప్లాంటు నడపమన్న వాక్యం వెంటనే అమలైంది. కేసులు ఎత్తేయమన్న వాక్యం ఏళ్ల తరబడి పడి ఉంది. తీర్పులో తమకు పనికొచ్చిన పేజీనే చదివిన ప్రభుత్వాలు, రేపు 152ను జాగ్రత్తగా వాడతాయని ఎవరు హామీ ఇస్తారు?

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ వైపు చూడండి. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు అక్కడికి రావాలి. మొదట ఇవి గుజరాత్‌లోని మీఠీ విర్దీకి అనుకున్నవి. అక్కడి రైతులు వద్దన్నారు, మన ఒడ్డుకు వచ్చాయి. గుజరాత్ రైతు వద్దంటే ప్రాజెక్టు కదిలింది కదా, కొవ్వాడ జాలరి వద్దంటే ఏం కదులుతుంది? సరఫరాదారు బాధ్యత నిబంధన ఇన్నాళ్లూ ఈ ప్రాజెక్టు మీద బేరాలను సాగదీసింది. ఇప్పుడు అదీ లేదు. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల చుట్టుపక్కల ఊళ్లు యురేనియం తవ్వకాల మీద రోడ్డెక్కితే రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ మర్యాద కొవ్వాడకు కూడా ఉంటుందా? కూడంకుళంలో పడిన దారే కొవ్వాడకూ దారి అవుతుందన్నదే మా భయం. ఒకసారి ఊరు మొత్తాన్ని నిందితుల్ని చేసి తప్పించుకున్న వ్యవస్థకు రెండోసారి అది తేలిక, మూడోసారి అలవాటు. ఈసారి ఒక తేడా కూడా ఉంది. కంచె అవతల ఉండేది ప్రభుత్వ సంస్థే కానక్కర్లేదు, లాభం కోసం వచ్చిన ప్రైవేటు కంపెనీ కావచ్చు. దాని వాల్వు గురించి అడిగితే అది కూడా దేశం మీద యుద్ధమేనా?

కూడంకుళం కేసుల్లో మిగిలినవి ఏవైనా ఉంటే ఈ నెలలోనే ఎత్తేయాలి. కొవ్వాడ భద్రతా నివేదికను, ఖాళీ చేయించే ప్రణాళికను, సరఫరా ఒప్పందంలో పరిహారం గురించి రాసుకున్న ప్రతి వాక్యాన్ని తెలుగులో అచ్చువేసి రణస్థలం మండలంలోని ప్రతి పంచాయతీ కార్యాలయంలో పెట్టాలి. 152ను ఏ నిరసనకారుడి మీదా ప్రయోగించబోమని ముఖ్యమంత్రి శాసనసభలో లిఖితపూర్వకంగా చెప్పాలి. ఢిల్లీలో కూర్చుని ఈ బిల్లు గడప దాటుతుంటే చూసిన మన తెలుగు ఎంపీలు ఒక్కసారి ఆ ఒడ్డుకు వెళ్లి, సరఫరాదారుకు ఎందుకు మినహాయింపు ఇచ్చారో అక్కడి ఆడవాళ్ల ముందు నిలబడి చెప్పాలి. ఇందులో ఏదీ చేయలేనివాళ్లకు ఆ ఊళ్లోకి పోలీసు జీపు పంపే హక్కు లేదు.