కొనేవాళ్ళకూ ఒక జ్యూరీ కావాలి

న్యూ మెక్సికో రాజధాని శాంటా ఫేలో వేసవి వచ్చిందంటే అమ్మేవాళ్ళకు పరీక్షలు, కొనేవాళ్ళకు సెలవులు. ఇంత పెద్ద అన్యాయం ఇన్నేళ్ళుగా ఎవరి కంటా పడకపోవడం విచిత్రం.

ఆగస్టులో జరిగే ఇండియన్ మార్కెట్‌నే తీసుకోండి. 1922లో మొదలైన సంత ఇది. ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజా అనే చౌకు చుట్టూ వీధుల్లో దాదాపు వెయ్యిమంది మూలవాసీ కళాకారులు బారులు తీరతారు. అక్కడ ఒక టేబుల్ వేసుకోవాలంటే ముందు ఫలానా తెగకు చెందినవాళ్ళమని కాగితాలు చూపించాలి. పనితనం చూసి ఎంపిక చేసే జ్యూరీకి నచ్చాలి. ఏ పదార్థం వాడారో, ఎలా చేశారో దాపరికం లేకుండా చెప్పాలి. 1926లో మొదలై జులైలో జరుగుతూ వచ్చిన స్పానిష్ మార్కెట్‌దీ ఇదే వరస. క్రైస్తవ పునీతుల చెక్క బొమ్మలు చెక్కాలన్నా, గడ్డిపోచలు అతికించి శిలువ చెయ్యాలన్నా చెయ్యి తిరిగి ఉంటే సరిపోదు, వంశమూ కలిసిరావాలి.

మరి కొనేవాడికో? కార్డు పనిచేస్తే చాలు.

కట్టడాలకు కూడా ఈ ఊళ్ళో మినహాయింపు లేదు. 1957లో చేసిన నిబంధన ప్రకారం పాత పేటలో ఏ భవనమైనా మట్టి ఇటుకలతో కట్టినట్టే కనిపించాలి. లోపల కాంక్రీటు ఉండొచ్చు, ఇనుము ఉండొచ్చు, పైకి మాత్రం గోధుమరంగు పూత ఉండాల్సిందే. పాపం పార్కింగ్ గ్యారేజీ కూడా పల్లెటూరి వేషం కట్టి నిలబడుతుంది. గోడల యోగ్యత చూడటానికి బోర్డు ఉంది, కుండల యోగ్యత చూడటానికి జ్యూరీ ఉంది. ఏ యోగ్యతా అడగకుండా లోపలికి రానిచ్చేది ఒక్క కొనుగోలుదారుడినే.

అతను ఎలా ఉంటాడో ఒకసారి దగ్గరనుంచి చూద్దాం. నెత్తిన నిన్ననే కొన్న కౌబాయ్ టోపీ. మెడలో అరచేతంత నీలిపచ్చ టర్కాయిస్ రాయి. ఎదురుగా టేబుల్ మీద శాన్ ఇల్డెఫోన్సో అనే మూలవాసీ పల్లె నల్ల కుండ. మరియా మార్టినెజ్, ఆమె భర్త జూలియన్ వందేళ్ళ క్రితం లోకానికి చూపించిన పద్ధతిలో చేసింది. మట్టి తవ్వి తెచ్చి, చేత్తో పేర్చి, నున్నటి రాయితో గంటల తరబడి రుద్ది, చివర్లో మంట మీద ఎండు పేడ పొడి కుమ్మరించి పొగను లోపలే బంధిస్తే ఆ నలుపు వస్తుంది. మన టోపీవాలా దాన్ని తీసుకుని ముందు తలకిందులు చేస్తాడు. ధర కోసం. తర్వాత వేలితో టకటకమని కొడతాడు. ఎందుకో అతనికీ తెలీదు.

"చేత్తో చేసిందేనా?" అని, గోళ్ళలో మట్టి ఇంకా పోని మనిషిని అడుగుతాడు. తర్వాత "ఎన్ని గంటలు పట్టింది?" అంటాడు. ఇది కళాభిమానం అనుకోకండి. ధరను గంటలతో భాగిస్తున్నాడు. చివరికి "ఇందులో నీళ్ళు పోసుకోవచ్చా?" పోస్తే పాడవుతుందని చెబితే మోసపోయినవాడిలా చూస్తాడు. ఏడువేల అడుగుల ఎత్తున్న ఊరు కాబట్టి, ధర చూసి ఊపిరాడకపోయినా నేరం కొండ గాలి మీద నెట్టెయ్యొచ్చు. ఆ సౌకర్యం ఇంకే సంతలోనూ లేదు.

నకిలీ అమ్మితే చట్టం ఊరుకోదు. మూలవాసులు చెయ్యనిదాన్ని వాళ్ళు చేసిందని చెప్పి అమ్మడం అమెరికాలో నేరం, 1990 నాటి చట్టం. ఫిలిప్పీన్స్‌లో తయారైన నగలను ఇలా అంటగట్టిన న్యూ మెక్సికో వ్యాపారి ఒకరికి 2018లో జైలు శిక్ష కూడా పడింది. బాగుంది. కానీ గుర్రం మొహం ఎరగని మనిషి గుర్రపు బూట్లేసుకుని తిరిగితే ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలి?

మనవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. 2004 నుంచి జులైలో జరుగుతున్న అంతర్జాతీయ జానపద కళల మార్కెట్‌కు ఎన్నో దేశాల కళాకారులు వస్తారు, మన దేశం నుంచీ వస్తారు. అక్కడ వాళ్ళ చేతి దుప్పటాను డాలర్లు లెక్కపెట్టి, కళ్ళు చెమర్చి కొంటాం. అదే మనిషి శిల్పారామంలో కనిపిస్తే "రెండొందలకిస్తావా, పోనా?" అని నాలుగడుగులు వేసి, వెనక్కి పిలుస్తాడేమోనని చెవి అటే పడేసి నడుస్తాం.

ప్లాజా పక్కనే 1610 నాటి గవర్నర్ల భవనం ఉంది. 1680లో ఇక్కడి మూలవాసులైన ప్యూబ్లో జనం తిరగబడి స్పానిష్ వాళ్ళను తరిమేసి, పన్నెండేళ్ళకు పైగా ఆ భవనాన్ని తమ ఇల్లు చేసుకున్నారు. ఇప్పుడు ఆ వారసులు రోజూ పొద్దున్నే చీటీలు తీసి, తగిలిన చోట, అదే భవనం వరండాలో నేలమీద గుడ్డ పరిచి చెవిపోగులు అమ్ముతారు. వాళ్ళ ముందు వంగి, "మీరు నిజంగా ఇక్కడివాళ్ళేనా?" అని నిన్న సాయంత్రం విమానం దిగినవాడు అడగ్గలుగుతున్నాడంటే కొనేవాళ్ళ జ్యూరీని ఇంకా వాయిదా వెయ్యడం తగదు.

కాబట్టి నా ప్రతిపాదన. సంతలోకి వచ్చే ప్రతివాడూ ఆరునెలల ముందే దరఖాస్తు పెట్టాలి. ఇంటి హాలు ఫొటోలు మూడు కోణాల్లో జతచెయ్యాలి. కొన్న కుండను ఏ సోఫాకు మ్యాచింగ్‌గా పెడతారో రాతపూర్వకంగా తెలపాలి. "కథ ఏమైనా ఉందా దీని వెనక?" అని అడిగే అలవాటున్నవాళ్ళు తమ వెనక ఉన్న కథను రెండు పేజీలకు మించకుండా పంపాలి. వేసవిలో ఇక్కడ జరిగే ఆపెరాకు, అంటే పాటలతోనే నడిచే నాటకానికి, వచ్చే ప్రేక్షకులకు వేరే ఫారం. పార్కింగ్ స్థలంలో కారు వెనక తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తులు వెలిగించి భోంచేసేవాళ్ళు లోపల ఏం పాడుతున్నారో కూడా రాయాలి.

తిరస్కరించిన దరఖాస్తులను ఏం చెయ్యాలన్న టెన్షన్ అక్కర్లేదు. వేసవి చివర జొజోబ్రా ఉండనే ఉన్నాడు. 1924లో విల్ షుస్టర్ అనే చిత్రకారుడు మొదలుపెట్టిన దిగులు బొమ్మ, యాభై అడుగులుంటాడు. విడాకుల కాగితాలు, పోలీసు రిపోర్టులు, తీరిన అప్పు పత్రాలు అతని పొట్టలో కుక్కి వేలమంది ముందు తగలబెడతారు. మనం భోగినాడు విరిగిన కుర్చీలతో సరిపెట్టుకుంటాం, వాళ్ళు దిగులునే వేస్తారు. మరో కొన్ని వేల కాగితాలు అతనికి బరువు కావు.

దరఖాస్తు రుసుం వెనక్కి ఇవ్వబడదు. చివరి ప్రశ్న తప్పనిసరి: మిరప సాస్ ఎర్రదా, పచ్చదా? న్యూ మెక్సికోకు ఇది అధికారిక రాష్ట్ర ప్రశ్న. రెండూ అని రాస్తే మార్కులు తగ్గించరు. కారం తగ్గించమని రాస్తే మాత్రం దరఖాస్తు అక్కడికక్కడే రద్దు.