సవరణ: బాదం పిండి, ఓట్స్ కుకీలకు కావలసిన వేడి

గత వారం నేను పంచుకున్న మెత్తని బాదం పిండి, ఓట్స్ కుకీల తయారీలో ఓవెన్‌ను '350 డిగ్రీల' దగ్గర పెట్టమని రాశాను. అది ఫారెన్‌హీట్ లెక్క అని చెప్పకపోవడం పూర్తిగా నా పొరపాటే. సెల్సియస్‌లో అది సుమారు 177, అంటే మన ఇళ్లలోని ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) మీట మీద 175కూ 180కీ మధ్య. మీట 250 దాటి తిరగకపోవడంతో అదే గరిష్ఠమనుకుని అక్కడే ఉంచిన తిరుపతిలోని మా వదినగారి ఇంట్లో, కుకీల అంచులు మాడి నడుమ పచ్చిగా మిగిలిన తర్వాతే ఈ సంగతి నాకు తెలిసింది. ఓవెన్‌తో పాటు ఇచ్చిన పుస్తకంలోని వేడి పట్టికతో సరిచూసుకున్నాను.

బాదం పిండి బరువులో దాదాపు సగం కొవ్వే కనుక అది గోధుమ పిండి కంటే త్వరగా ఎర్రబడుతుంది. అందువల్ల 10 నిమిషాల నుంచే కనిపెట్టి ఉండి, అంచులు లేత బంగారు రంగుకు రాగానే, నడుమ ఇంకా మెత్తగా ఉన్నా సరే, బయటికి తీసి పళ్లెంలోనే కదపకుండా చల్లారనివ్వాలి.

గోధుమ పడనివారూ నిశ్చింతగా తినవచ్చన్న నా మాటకూ ఒక షరతు ఉంది: ఓట్స్‌లో మిల్లుల దగ్గర గోధుమ కలిసే అవకాశం ఉన్నందున, ప్యాకెట్‌పై గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) రహితమని ముద్రించినవే వారు వాడాలి.