నిచ్చెన మీది జాలరి: ఒక గంభీర పరిశీలన

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, రీనో నగరానికి ఈశాన్యంగా, ఎడారి నడుమ పిరమిడ్ సరస్సు ఉంది. అక్కడ అక్టోబరు 1 నుంచి జూన్ నెలాఖరు దాకా ట్రౌట్ చేపల వేట సాగుతుంది. ఎండ హాయిగా కాస్తూ, గాలి స్తంభించి, నీరు నిశ్చలంగా ఉన్న రోజున అక్కడి అనుభవజ్ఞులు దిగాలు పడిపోతారు. మబ్బు కమ్మి, ఈదురుగాలి లేచి, అలలు ఒడ్డును బాదడం మొదలైతే మాత్రం వారి ముఖాలు ఆడపెళ్ళివారు కట్నం వద్దనిపించుకున్నంతగా వెలిగిపోతాయి. దీన్ని పిచ్చి అని తొందరపడి తీర్మానించరాదు. ట్రౌట్ చల్లటి నీటి జీవి. వేసవిలో లోతుల్లో తలదాచుకొని, పైనీరు చల్లబడ్డాక చిన్న చేపలను తరుముకుంటూ ఒడ్డు వైపు వస్తుంది. మబ్బు వెలుతురును తగ్గించి, అలలు అడుగును కెలికి నీటిని కలక చేస్తే దానికి జంకు పోతుంది. అంటే, చేపకు ధైర్యం రావాలంటే మనిషికి జలుబు రావాలి.

ఇక నిచ్చెన సంగతి. చాలాచోట్ల ఒడ్డు నుంచి కొంతదూరం నీరు నడుము లోతే ఉండి, ఆ తరువాత అడుగు ఒక్కసారిగా జారిపోతుంది. చేప తిరిగేది ఆ అంచు వెంటే. అందుకని ఇంట్లో బూజు దులపడానికి వాడే మడత నిచ్చెనను మోసుకొచ్చి, నీటిలో నిలబెట్టి, దానిపైకెక్కి గాలం విసరడం అక్కడి ఆచారం. ఎత్తు నుంచి విసిరితే దారం దూరం పోతుంది, అలల తాకిడి తగ్గుతుంది, కాళ్ళు కొయ్యబారడం కాస్త ఆలస్యమవుతుంది. కొందరు నిచ్చెన కొసన కుర్చీ కూడా బిగించుకుంటారు. మంచి రోజున, అనగా వాతావరణం దరిద్రంగా ఉన్న రోజున, సరస్సు అంచు పొడవునా నిచ్చెనలు బారులు తీరి, సున్నాలు వేయడానికి గోడ కోసం ఎదురుచూస్తున్న కూలీల సభలా కనబడుతుంది.

నీటిలో మునిగే బరువైన దారానికి, ఉన్నీ, ఈకలు చుట్టిన రెండు నకిలీ పురుగులను కట్టి, దూరంగా విసిరి, అవి అడుగుకు చేరేదాకా ఓపిక పట్టి, తరువాత జానెడు జానెడుగా లాగాలి. చలి ముదిరితే గాలపు కర్రకున్న వలయాల్లో మంచు పేరుకొని దారం కదలదు. కర్ర కొసను నీటిలో ముంచి కరిగించుకోవాలి, బయటికి తీయగానే మళ్ళీ పేరుకుంటుంది. సరస్సు పైయూట్ అనే అమెరికా ఆదివాసీ తెగవారిది కనుక పర్మిట్టు వారి దగ్గరే కొనాలి. నిజమైన ఎర నిషిద్ధం. కొక్కేనికి, చేప జారిపోకుండా పట్టే వెనుక ముల్లు ఉండరాదు. ఇంతా చేసి చిక్కిన చేపను చాలామంది ఫొటో తీసి వదిలేస్తారు.

అయితే, సమర్థత దృష్ట్యా చూస్తే ఈ సాధనాలన్నీ పిల్లల ఆటలే. ఈ సరస్సులో అత్యంత ఫలవంతమైన వేట 1905లో ప్రభుత్వం కట్టిన డెర్బీ ఆనకట్టతో జరిగింది. సరస్సును నింపే ట్రకీ నది నీటిని పొలాలకు మళ్ళించగా, నీటిమట్టం 80 అడుగులకు పైగా పడిపోయింది, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎగబాకే దారి మూసుకుపోయింది. 1925లో 41 పౌన్లు తూగిన రికార్డు చేపనిచ్చిన లహోంటన్ కట్‌త్రోట్ ట్రౌట్ జాతి, 1940ల నాటికి ఆ సరస్సులో ఒక్కటీ మిగలలేదు. ఎరా లేదు, నిచ్చెనా లేదు, ఎవరికీ జలుబు కూడా చేయలేదు.

ఆ పైన, యూటా సరిహద్దున పైలట్ శిఖరం పక్కనున్న చిన్న వాగులో ఎవరో ఎప్పుడో వదిలిన ఆ జాతి చేపలు 1970లలో బయటపడ్డాయి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని అడిగేవారు అక్కడ లేరు కనుక, వాటి సంతానాన్ని 2006 నుంచి తిరిగి సరస్సులో వదిలారు. ఇప్పుడు నిచ్చెనల మీద చాలామంది వణుకుతున్నది ఆ సంతానం కోసమే. ఆనకట్ట ఇప్పటికీ అక్కడే ఉంది. చేపలు కాలువలోకి కొట్టుకుపోకుండా దానికి 2020లో జల్లెడ అమర్చారు. ముల్లు లేని కొక్కెం నిబంధన మాత్రం నిచ్చెన మీది వారికే.