నాబోతు తోటకు స్లాట్ లేదు

అనంతపురం జిల్లా ప్రేక్షకుల పక్షాన, బైబిలు కథలు చూపించే క్రైస్తవ భక్తి చానళ్ల యాజమాన్యాలకు ఒక విన్నపం.

తెల్లారుజామున టీవీ పెడితే నోవహు ఓడ వస్తుంది. నలభై పగళ్లు, నలభై రాత్రులు కుండపోత. చూసి మేం హడలిపోవాలని మీ ఉద్దేశం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే చోట ఎవరు హడలిపోతారండీ? "ఆ ప్రార్థన ఏ పాస్టరుగారు చేసినారో నంబరు రాసుకో నాయనా" అంటుంది మా మేనత్త. నంబరు ఎలాగూ తెర కింద పరిగెడుతూనే ఉంటుంది, పక్కన క్యూఆర్ కోడ్‌తో సహా.

పాటల్లో ఇశ్రాయేలు అరణ్యం, అంటే ఎడారి, స్విట్జర్లాండ్‌లా పచ్చగా ఎందుకుంటుందో కూడా సెలవివ్వాలి. ఎడారే కావాలంటే కణేకల్లు దగ్గర హగరి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి. ఖర్చు రాయదుర్గం దాకా బస్సు టికెట్టు, అక్కణ్ణుంచి ఆటో.

ఏలీయా కథ అచ్చంగా మాదే. ఏళ్ల తరబడి వాన లేదు, ప్రవక్త తాగే కెరీతు వాగూ ఎండిపోయింది. సారెపతు ఊరి గవిని దగ్గర పుల్లలేరుకుంటున్న విధవరాలిని రొట్టె అడిగాడు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కాసింత నూనె ఉన్నాయి, అది కాల్చుకు తిని నేనూ నా బిడ్డా చచ్చిపోతాం అందామె. కరువు చూసినవాళ్లకు అక్కడ గొంతు పట్టేస్తుంది. పట్టేలోపే కథ ఆపేసి, సూటు వేసుకున్న దైవసేవకుడు ప్రత్యక్షమవుతాడు. ఆమె ముందు దైవజనుడికి పెట్టింది కాబట్టే పిండి తరగలేదు, మరి మీ పిండి ఏదీ అని నిలదీస్తాడు. కథ మూడు నిమిషాలు, వసూలు ఇరవై. ఏలీయా ఆమె ఇంట్లోనే ఉండి, వాళ్లతో పాటు అదే రొట్టె తిన్నాడన్న ముక్క ఎడిటింగ్‌లో పోయినట్టుంది.

ఇస్సాకు బావుల సంగతి ఏ చానల్లోనూ చూసిన గుర్తు లేదు. తండ్రి తవ్వించిన బావుల్ని ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేశారు. కొత్తది తవ్వితే గెరారు కాపరులు నీళ్లు మావన్నారు. ఇంకోటి తవ్వాడు, అక్కడా జగడమే. మూడోదానికి గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఇది మా ఊళ్లో బోర్ల పంచాయితీ కాక మరేమిటి? పాపం, ఆయనకు బోర్లకు, భూగర్భజలాలకు నియమాలు పెట్టే వాల్టా చట్టం లేదు, అది 2002లో వచ్చింది. ఉన్నా జగడాలు ఆగేవని కాదు.

ఇక నాబోతు. అహాబు రాజుకు కోట పక్కనున్న ద్రాక్షతోట మీద కన్నుపడింది. అమ్మమన్నాడు. తాతముత్తాతల ఆస్తి, అమ్మనన్నాడు నాబోతు. రాజు అలిగి తిండి మానేసి పడుకున్నాడు. రాణి యెజెబెలు ఆయన పేరున ఉత్తరాలు రాసి, ఆయన ముద్రే వేసి, ఇద్దరు దొంగసాక్షుల్ని పెట్టించి నాబోతును రాళ్లతో కొట్టించి చంపించింది. ఆ వెంటనే తోట రాజుగారిది. కాగితం, ముద్ర, సాక్షులు అన్నీ సక్రమం. మా సీమలో దీనికి స్క్రిప్టు రైటరు కూడా అక్కర్లేదు, ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు నిలబడినా డైలాగులు దొరుకుతాయి.

అయినా ఈ కథకు స్లాట్ దొరకదు. ఎందుకో తెలియాలంటే ప్రార్థన అయిపోగానే రిమోట్ నొక్కకుండా ఒక్క నిమిషం కూర్చోండి. వచ్చే ప్రకటన ఇదీ: బైపాస్‌కు ఐదు నిమిషాల్లో ప్లాట్లు, క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్.