బాగుంది అన్న పాపానికి

నేను అన్నది ఒకే ఒక్క మాట. "పాట బాగుందండీ."

అంతే. విజయవాడ సత్యనారాయణపురంలో ఆ మేడ మీద గదిలో, ఆదివారం పొద్దున్నే చేరిన ఏడుగురు పెద్దమనుషులు తద్దినం భోజనంలో కోడిగుడ్డు పొరటు అడిగినవాణ్ణి చూసినట్టు నన్ను చూశారు. మందుల షాపు ఆయన ముందుగా తేరుకున్నాడు.

"బాగుందంటే? మీరనేది ఏ ప్రెస్సింగ్ గురించి మాస్టారూ?" ప్రెస్సింగ్ అంటే గ్రామఫోను రికార్డు అచ్చేసిన విడత.

"ఇదిగో, ఇప్పుడు రేడియోలో వస్తున్నదాని గురించే" అన్నాను. మొదటి తప్పు కంటే ఇది పెద్ద తప్పని తర్వాత తెలిసింది.

ఈ ఏడుగురూ ఒక సంఘం. రిజిస్ట్రేషన్ లేదు గానీ అధ్యక్షుడున్నారు, ఇడ్లీల డబ్బులు చూసే కోశాధికారి ఉన్నారు, ఇద్దరితో కూడిన అసమ్మతి వర్గం కూడా ఉంది. అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి తొమ్మిదింటికి పాత రాక్ పాటలు వేసే ఒక రేడియో షో ఉంది. నెట్‌లో వస్తుంది. బీటిల్స్, లెడ్ జెపెలిన్, డీప్ పర్పుల్, పింక్ ఫ్లాయిడ్, ఆ బాపతు. మనకది ఆదివారం పొద్దున్న ఆరున్నర. విజయవాడలో మిగతా జనం పాలప్యాకెట్లు తెచ్చుకునే వేళకి వీళ్లు అక్కడ హాజరు. నవంబరులో అమెరికా వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు కదా, ఆ సంగతి మరిచిపోయి పోయినేడు ఒక ఆదివారం ఆరున్నరకే కూర్చున్నారట. ఏడున్నర దాకా షో రాలేదు, ఇడ్లీలు చల్లారిపోయాయి. అగ్రరాజ్యం పోకడని ఖండిస్తూ తీర్మానం చేశారు. ఏకగ్రీవం కాలేదు, అసమ్మతి వర్గం చట్నీ గురించి సవరణ కోరింది.

నాకు రాక్ మీద కోపం లేదు. నేనూ బీసెంట్ రోడ్డులో తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, చీటీ రాసిచ్చి పాటలు ఎక్కించుకున్నవాణ్ణే. ఆ షాపతను దేని మీదైనా 'ఇంగ్లీష్ మిక్స్' అనే రాసేవాడు. టేపు అయిపోయిన చోట పాట ఆగిపోయేది. ఒక పాటైతే నాకు ఇప్పటికీ గిటారు మధ్యలో 'టక్' అనే చప్పుడుతోనే ముగుస్తుంది. దాని అసలు ముగింపు తర్వాత ఎప్పుడో విన్నాను, నచ్చలేదు.

అసలు చూడాల్సింది స్టేషన్ పట్టే ఘట్టం.

అధ్యక్షుల వారి నాన్నగారిది ఒక పాత మర్ఫీ వాల్వు రేడియో. టేకు పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, అద్దం మీద ఢిల్లీ, కలకత్తా, సిలోన్, లండన్ అని ఊళ్ల పేర్లు. ఇప్పుడు దాని లోపల వాల్వులు లేవు. స్పీకరు లేదు. ఒక బ్లూటూత్ డబ్బా ఉంది. పాట నిజానికి వచ్చేది అధ్యక్షుల వారి సెల్‌ఫోన్‌లోంచి. అది పెట్టె వెనకాల గోడవైపు తిప్పి ఉంటుంది, ఎవరూ దానివైపు చూడకూడదు. గుళ్లో మూలవిరాట్టు పాదాల దగ్గర ఎక్స్‌టెన్షన్ బాక్సుని మనం చూడనట్టే.

ఆరూ ఇరవై ఎనిమిదికి అధ్యక్షుల వారు స్విచ్చి వేస్తారు. అద్దం వెనక ఎల్ఈడీ బల్బు వెలుగుతుంది. వాల్వులు వేడెక్కాలి కాబట్టి అందరూ అర నిమిషం మౌనం. లేని వాల్వులు వేడెక్కాక ఆయన గుండీ తిప్పడం మొదలెడతారు. దారం కదిలి ముల్లు ఢిల్లీ దాటి సిలోన్ వైపు పోతుంది. ఈలోగా బ్యాంకులో రిటైరైన ఆయన తన ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్న గరగర శబ్దం మోగిస్తాడు. లెక్చరరు డాబా ఎక్కుతాడు, ఏరియల్ సరిచేయడానికి. ఏరియల్ అంటే నాన్నగారి కాలంలో రెండు కర్రల మధ్య కట్టిన తీగే, ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు.

"వచ్చిందా?" అని పైనుంచి కేక.

"ఇంకొంచెం తూర్పుకి!" అని కిందనుంచి.

ఆయన తువ్వాలు పక్కకి జరుపుతాడు. అదే క్షణంలో అధ్యక్షుల వారు పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి ఫోన్ నొక్కుతారు. గరగర ఆగుతుంది. పాట మొదలవుతుంది. "పట్టింది!" అని అందరూ చప్పట్లు. ప్రతి వారం పట్టడమే, ప్రతి వారం ఆశ్చర్యమే. అన్నిటికీ మించి, ఒకసారి కరెంటు పోయింది. ఫోన్ మానాన ఫోన్ పాడుతూనే ఉంది. అధ్యక్షుల వారు గంభీరంగా ఆపేశారు. కరెంటు లేకపోతే వాల్వు రేడియో పాడదట, నియమం నియమమేనట. ముప్పావుగంట విసనకర్రలతో కూర్చున్నారు.

ఇంతా చేసి పట్టిన స్టేషన్‌ని వింటారా అంటే, వినరు. నేను వెళ్లిన రోజు డీప్ పర్పుల్ వాళ్ల 'స్మోక్ ఆన్ ది వాటర్' వేశాడు. గిటారు పట్టిన ప్రతి కుర్రాడూ మొట్టమొదట వాయించే ఆ నాలుగు ముక్కలు మొదలయ్యాయో లేదో, షో నడిపే ఆయన "1972" అన్నాడని బ్యాంకాయన చెయ్యెత్తాడు.

"తప్పు. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లో రికార్డు చేశారు."

"ఆల్బం వచ్చింది 72లో కదండీ" అన్నాడు లెక్చరరు.

"ఆ ఒక్క పాటే విడిగా సింగిల్ రికార్డుగా విడుదలైంది 73లో. జనం విన్నదే లెక్క" అన్నాడు మందుల షాపు ఆయన.

చిత్రమేమిటంటే ముగ్గురూ రైటే. ముగ్గురి కుందేలుకీ మూడే కాళ్లు, లెక్క సరిపోయింది కూడా. అయినా గొడవ ఆగలేదు. మాంట్రూలో క్యాసినో తగలబడింది డిసెంబరు 4న, ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా, ఎవడో ఫ్లేర్ గన్ (సంకేతంగా మంట ఎగరేసే తుపాకీ) పేల్చడం వల్ల, ఆ పొగ జెనీవా సరస్సు మీద పరుచుకోవడం చూసే పాట పుట్టింది, ఇవన్నీ ఒకరికొకరు అరిచి చెప్పుకున్నారు. అందరికీ తెలిసినవే, అందరూ చెప్పారు. పాట నిడివి ఐదు నిమిషాల నలభై సెకన్లు. ఆ గదిలో దాన్ని విన్నది ఎవరయ్యా అంటే నేనూ, గోడ మీది బల్లీ. అందుకే పొరపాటున నోరు జారి బాగుందన్నాను.

సరే, ఎవరి పిచ్చి వారికానందం, ఇక్కడిదాకా నవ్వుకునే వచ్చాను. ఆ తర్వాత జరిగిందే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మెట్ల దగ్గర అలికిడైంది. అధ్యక్షుల వారి అమ్మగారు. ఎనభై దాటాయి, మోకాళ్లు సహకరించవు, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చారు. గుమ్మంలో నిలబడి, వెలుగుతున్న ఆ పెట్టె వైపే చూస్తూ అడిగారు.

"ఒరే నాన్నా, మీ నాన్న రేడియో బాగైందిట్రా? మన విజయవాడ స్టేషన్ పెట్టరా, భక్తిరంజని వచ్చే వేళ."

"ఉష్, అమ్మా! సోలో వస్తోంది" అన్నారు అధ్యక్షుల వారు.

సోలోనట, గిటారు ఒక్కటే విజృంభించే ముక్క! ఆ సోలోని అప్పటిదాకా ఎవడు విన్నాడండీ? ఆ పెట్టె లోపలి సామానంతా పాత ఇనుము వాడికి తూకానికేసింది ఈ మహానుభావుడే, అదీ బాగానే పలుకుతున్న రోజుల్లో. ఆ పెట్టె ముందే కదా ఆదివారం మధ్యాహ్నాలు ఇంటిల్లిపాదీ కూర్చుని ఉషశ్రీ గారి రామాయణం విన్నది. బజారులో నడిచి వెళుతుంటే ఇంటింటి కిటికీలోంచీ ఆ గొంతే వినపడేది, నడిచేవాడికి ఒక్క వాక్యం కూడా తప్పిపోయేది కాదు. పరాయి దేశంలో క్యాసినో ఏ తేదీన తగలబడిందో చెప్పగలరు. విజయవాడ రేడియో స్టేషన్ ఎప్పుడు మొదలైందో అడగండి, సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తారు. 1948 డిసెంబరు 1 అయ్యా. మీ ఊరిది. ఆకాశవాణి కూడా అదే ఫోన్‌లో వస్తుంది, అర నిమిషం పని. మీ లేని వాల్వులు వేడెక్కేంత సేపు. ఆ ముసలావిడకి ఆ అర నిమిషం ఇవ్వలేని మీరు పాతదనం మీద ప్రేమ అంటూ నాకు చెప్పొద్దు.

ఇదంతా అక్కడ అన్నానా? లేదు. ఆవిడని చెయ్యి పట్టుకుని కిందికి దింపి, నా ఫోన్‌లోనే స్టేషన్ పెట్టిచ్చి కాసేపు కూర్చున్నాను. ఆవిడ ఫోన్‌ని పైకీ కిందకీ తిప్పి చూసి, "గుండీ ఏదిరా దీనికి?" అని అడిగారు.

నా ఫోన్ ఆవిడ చేతిలోనే ఉండటంతో ఇంకాసేపు ఆగాల్సి వచ్చింది, ఈలోగా పైనుంచి పిలుపు. నా మీద విచారణ పూర్తి కాలేదట. ప్రెస్సింగ్ గానీ సంవత్సరం గానీ పేర్కొనకుండా సభలో అభిప్రాయం ప్రకటించడం మీద వివరణ ఇవ్వాలట. నేను సిగ్గు లేకుండా ప్లేటు ఫిరాయించాను. బాగుందన్నది పాటని కాదు, అల్లం చట్నీని అన్నాను.

గది కాస్త చల్లబడింది. అధ్యక్షుల వారు తలాడించారు. మందుల షాపు ఆయన మాత్రం కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇవాళ్టి చట్నీయా మాస్టారూ, పోయిన వారందా?"