ఆశావాదానికి ఐదు పట్టీలు

నెల రోజుల కిందట ఒక సోమవారం ఉదయం నేను ఆశావాదిగా మారాను. పెద్ద కారణమేమీ లేదు. ఆశావాదం పుట్టుకతో వచ్చే గుణం కాదని, రోజూ పొద్దున్నే చొక్కాను ఎంచుకున్నట్టు ఎవరికి వారు ఎంచుకోవలసిందని ఒక పెద్దమనిషి ఉపన్యాసంలో విన్నాను. చొక్కా ఎంచుకోవడం నాకు బాగా తెలిసిన విద్య. ఉన్నవి నాలుగే. కాబట్టి ఆ రోజు లేవగానే ఆశావాదాన్ని తొడుక్కుని, పై బొత్తాం దాకా పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.

“పాపకు ఆరో నెల నిండబోతోంది. కూర్చోబెట్టి తినిపించడానికి ఎత్తు కుర్చీ, అదే హైచైర్ సంగతి చూడండి” అంది మా ఆవిడ.

కొత్తగా దీక్ష పట్టిన వాడికి మొదటి పరీక్ష ఇంత త్వరగా వస్తుందని నేను ఊహించలేదు.

ఆశావాదం మీద గ్రంథాలు రాసిన వారంతా కుర్చీలో కూర్చుని రాశారే తప్ప కుర్చీ కొంటూ రాయలేదు. ఆ శాస్త్రంలో ఉన్న పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం. 1710లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్, దేవుడు సృష్టించగలిగిన లోకాలన్నిటిలోకీ మనకు దక్కిన ఈ లోకమే ఉత్తమమైనదని తేల్చి చెప్పాడు. మహా మేధావి. కలన గణితాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకడు. ఆయన మీద నాకు అపారమైన గౌరవం. అయితే ఆయన పెళ్లి చేసుకోలేదనీ, పిల్లలు లేరనీ పాఠకులకు మనవి చేయడం నా బాధ్యత. హైచైర్ ముందుండే ట్రే అంచు కింద ఎండి పెచ్చుకట్టిన క్యారెట్ గుజ్జును గోటితో గీకిన మనిషి అయితే ఆ సిద్ధాంతానికి కనీసం ఒక్క సవరణైనా ప్రతిపాదించేవాడు.

మన తెలుగులో ఇదే సిద్ధాంతం రెండే మాటల్లో ఉంది: గుడ్డిలో మెల్ల. లైబ్నిజ్ కంటే ఇందులో నిజాయతీ ఎక్కువ. చూపు బాగుందని ఎవరూ అనడం లేదు కదా.

ఇక కుర్చీ. ముందుగా నేను పెట్టె మీది బొమ్మను శ్రద్ధగా పరిశీలించాను. తెల్లని కుర్చీ, తెల్లని సీటు కవరు, తెల్లని చొక్కాలో నవ్వుతున్న బిడ్డ. చేతిలో చెంచా. చెంచాలో ఏమీ లేదు. ఆశావాదాన్ని ఇంతకంటే శుద్ధంగా ఏ చిత్రకారుడూ గీయలేదు. అదే పెట్టె అడుగున, అట్టముక్కల మధ్య, చీమ తలకాయంత అక్షరాలతో ఒక చిన్న పుస్తకం ఉంది. బిడ్డను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలవద్దు. పట్టీలు బిగించకుండా కూర్చోబెట్టవద్దు. ట్రే ఉంది కదా, అదే ఆపుతుందని నమ్మవద్దు. పెట్టె మీద ఉద్యోగం ఆశావాదిది, పెట్టె లోపల ఉద్యోగం నిరాశావాదిది. ఇద్దరూ ఒకే సంస్థలో పని చేస్తున్నా ఎన్నడూ ఎదురుపడినట్టు లేరు.

ఎప్పుడు కొనాలన్నది మరో చర్చ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పుట్టిన భాష మాట్లాడుతూ కూడా, నా మిత్రుడొకడు భార్యకు మూడో నెల ఉండగానే హైచైర్ తెచ్చి హాల్లో పెట్టాడు. ఏడాది పాటు అందులో వార్తాపత్రికలు కూర్చున్నాయి. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు ఇతర ఆహారం మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయితే క్యాలెండరు ఒప్పుకుంటే సరిపోదు, మెడ కూడా ఒప్పుకోవాలి. తల నిలవాలి, కాస్త ఆసరా ఇస్తే నడుము నిలవాలి. మా పాపను దుకాణంలో ఒక కుర్చీలో కూర్చోబెట్టి చూశాం. ముందు కుడివైపు ఒరిగింది, తర్వాత ఎడమవైపు. చివరికి ట్రే మీద గడ్డం ఆనించి, సుదీర్ఘమైన సమావేశంలో చిక్కుకున్న అధికారిలా మమ్మల్ని చూసింది. “రెండు వారాల్లో సర్దుకుంటుంది” అన్నాను. అది అంచనా కాదు, కొత్త చొక్కా మాట్లాడింది.

దుకాణంలోని కుర్రవాడు మాకు అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఈ కుర్చీ మడత పడుతుంది, ఆ కుర్చీ వెనక్కి వాలుతుంది, మరొకటి చక్రాల మీద ఇల్లంతా తిరుగుతుంది. “గుడ్డతో తుడిస్తే చాలు సార్” అన్నాడు. నేను వెంటనే నమ్మాను. నమ్మడమే నా కొత్త వృత్తి. మా ఆవిడ మాత్రం కుర్చీని తలకిందులు చేసి, సీటు కవరు కుట్టు వెంట చూపుడు వేలు పోనిచ్చి, “ఇందులోకి పోయింది బయటికి ఎలా వస్తుంది?” అని అడిగింది.

“అంత లోపలికి పోదండి” అన్నాడు కుర్రవాడు. అతను నాకంటే సీనియర్ ఆశావాది అని అర్థమైంది.

పట్టీల దగ్గర విషయం మరింత గంభీరమైంది. మూడు పట్టీల కుర్చీ నడుమునూ, కాళ్ల మధ్యనూ పట్టుకుంటుంది. ఐదు పట్టీలదైతే భుజాలను కూడా పట్టుకుంటుంది. మూడు పట్టీలది కొనే తండ్రి, తన బిడ్డ లేచి నిలబడాలనుకోదని నమ్ముతున్నాడన్నమాట. ఆ బిడ్డ కాలుసాచి ఎదురుగా ఉన్న బల్లను ఒక్క తోపు తోస్తే కుర్చీ వెనక్కి పడుతుంది. అందుకే కుర్చీ పాదాల పట్టు వెడల్పుగా ఉన్నది చూడమంటారు, బల్లకూ గోడకూ కాలు అందనంత దూరంలో వేయమంటారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే స్వభావం నాది. కుర్చీ విషయంలో మాత్రం నాలుగు కాళ్లనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నాను.

మనిషి ఇలా ఎందుకు నమ్ముతాడో 1980లో అమెరికన్ మనస్తత్వవేత్త నీల్ వైన్‌స్టీన్ కాలేజీ విద్యార్థులను అడిగి చూశాడు. మంచి జరగడానికి తోటివారికంటే తమకే అవకాశాలు ఎక్కువని, చెడు జరగడానికి తమకే తక్కువని మొత్తం మీద వాళ్లు లెక్క వేసుకున్నారు. అందరికీ సగటు కంటే మంచి జాతకం ఉండడం ఏ గణితంలోనూ సాధ్యం కాదు. పట్టీల గురించి మాత్రం వాళ్లను ఎవరూ అడిగినట్టు లేరు.

హైచైర్లకు ఐరోపాలో ఈఎన్ 14988 అనే భద్రతా ప్రమాణం ఉంది. ఒరిగిపోకుండా నిలుస్తుందా, వేలు ఇరుక్కునే సందులు ఉన్నాయా అని దాని ప్రకారం పరీక్షిస్తారు. ఆశావాదానికి ఇలాంటి ప్రమాణం ఏదీ లేదు. ఉపన్యాసకుణ్ణి వేదిక మీద వెనక నుంచి తోసి చూసిన వారు లేరు. గ్లాసు సగం నిండి ఉందా, సగం ఖాళీగా ఉందా అని ఆయన నిశ్చింతగా అడుగుతూనే ఉన్నాడు. ఆ గ్లాసును హైచైర్ ట్రే మీద పెట్టి అడగమనండి. ప్రశ్న పూర్తయ్యేలోగా నేల తడుస్తుంది.

అసలైన ఆశావాదిని చూడాలంటే నార్వే వెళ్లాలి. పీటర్ ఆప్స్‌విక్ అనే డిజైనరు, తన కొడుక్కి హైచైర్ చిన్నదైపోయి, పెద్దల కుర్చీ మరీ పెద్దదవడం చూసి 1972లో ఒక కుర్చీ తయారుచేశాడు. కూర్చునే పలక, పాదాలు ఆనించే పలక రెండూ బిడ్డ పెరిగేకొద్దీ కిందికి జరుగుతాయి. పెద్దయ్యాక కూడా అందులోనే కూర్చోవచ్చు. ఆరు నెలల పసికందుకు కుర్చీ కొంటూ, దాన్ని ఆ బిడ్డ ఉద్యోగంలో చేరాక కూడా వాడుతుందని లెక్కవేసే తల్లిదండ్రుల ముందు నాబోటి నెల రోజుల ఆశావాది తల వంచవలసిందే. పాదాలకు ఆసరా మాత్రం ఏ కుర్చీకైనా ఉండవలసిన వస్తువు. కాళ్లు గాలిలో వేలాడుతుంటే పిల్లలు కుదురుగా కూర్చోరు. కావాలంటే ఎత్తైన స్టూలు మీద మీరే కూర్చుని భోంచేసి చూడండి.

చివరికి ఐదు పట్టీలు, వెడల్పాటి పాదాలు, కుట్లు లేని సీటు, విడిగా తీసి కడిగే ట్రే ఉన్నది కొన్నాం. అందులో నా ఎంపిక రంగు.

బిగించడం నా వంతు. బొమ్మలు చూస్తూ గంటన్నరలో పూర్తి చేశాను. కుర్చీ ఠీవిగా నిలబడింది. నేల మీద ఒక స్క్రూ మిగిలింది.

ఆ స్క్రూను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. కంపెనీవాళ్లు ముందుచూపుతో ఒకటి అదనంగా ఇచ్చారని ఆశావాదం చెప్పింది. ఎంతో ఆదరంగా, తేనె పూసినట్టు చెప్పింది. నేను కుర్చీ మొత్తం విప్పాను. ఎడమవైపు వెనక కాలు దగ్గర, ట్రే చేయి కింద, ఒక చిన్న రంధ్రం ఖాళీగా కనిపించింది.

పాపను కూర్చోబెట్టాం. పట్టీలు బిగించాం. ఒక చెంచా గుజ్జు నోట్లో పెట్టాం. ఉమ్మేసింది. చెంచా లాక్కుని కింద పడేసి, వంగి చూసి, నా వంక చూసింది. తీసి ఇచ్చాను. మళ్లీ పడేసింది. పదకొండోసారి మా ఆవిడ పాపను ఎత్తుకుని ఒళ్లో పెట్టుకుంది. అక్కడ గిన్నె ఖాళీ అయింది.

ఇది మూడు వారాల నాటి మాట. అప్పటి నుంచి పాప భోజనం ఒళ్లోనే. రేపు కూర్చుంటుందని నేను రోజూ రాత్రి చెబుతున్నాను, మా ఆవిడ రోజూ ఊఁ కొడుతోంది. ప్రస్తుతానికి ఆ కుర్చీలో ఉతికి మడతపెట్టిన బట్టలు కూర్చుంటున్నాయి. ఐదు పట్టీలూ బిగించాను.