గతం కాని భూతకాలం

ఇంగ్లిష్‌లో 'ఇఫ్' వాక్యాలను జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని నాలుగు గళ్లలో పెట్టి బట్టీ వేయిస్తున్నారు. సూత్రం గడగడా అప్పజెప్పిన విద్యార్థే నోరు తెరిస్తే 'ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్' అంటాడు. తప్పు అతని జ్ఞాపకశక్తిది కాదు, ఆ పట్టికదని మా అభిప్రాయం. క్రియకు భూతకాల రూపం ఎందుకొచ్చిందో అది చెప్పదు.

'ఇఫ్ ఐ న్యూ హర్ నంబర్, ఐ వుడ్ కాల్ హర్' అన్నప్పుడు నిన్నటి ఊసే లేదు. నంబరు ఇప్పుడు తెలియదు, అంతే. ఉన్నదాన్ని కాక లేనిదాన్ని ఊహిస్తున్నామని తెలపడానికి క్రియ ఒక మెట్టు వెనక్కి జరిగింది. ఊహ నిజంగానే గతం గురించైతే ఆ మెట్టు చాలదు, ఇంకొకటి దిగాలి: 'ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కాల్డ్'.

తెలుగువారికి ఇది మరీ కొత్తేమీ కాదు. 'రోజూ చెప్పేవాణ్ని' అంటే అలవాటు. 'తెలిసుంటే చెప్పేవాణ్ని' అంటే జరగని పని. 'వుడ్' కూడా అచ్చం ఇలాగే రెండు పనులూ చేస్తుంది. చిక్కంతా మొదటి సగంలోనే. 'నిన్న నువ్వొస్తే బాగుండేది' అంటే మనకు చాలు. 'వస్తే' మారకపోయినా 'ఉండేది' భారం మోస్తుంది. ఇంగ్లిష్‌లో రెండు సగాలూ మారాలి: 'వస్తే' వైపు హ్యాడ్, 'ఉండేది' వైపు వుడ్ హావ్. రెండింటి తర్వాతా క్రియ మూడో రూపమే. 'ఇఫ్' వైపే 'వుడ్' వచ్చే 'ఇఫ్ యూ వుడ్ వెయిట్' వంటి మర్యాద మాటల సంగతి వేరు.

రెండు సగాలూ ఒకే కాలంలో ఉండాలన్న నియమమూ లేదు. 'ఇఫ్ హీ హ్యాడ్ టేకెన్ ద మెడిసిన్, హీ వుడ్ బీ ఫైన్ నౌ': మందు నిన్నటిది, ఆరోగ్యం ఇవాళ్టిది. నాలుగు గళ్లలో దీనికి చోటేదీ?

'ఐడ్' అని కుదించి పలికితే అది హ్యాడా, వుడ్డా? పక్క క్రియను చూడాలి. 'ఐడ్ గాన్' అయితే హ్యాడ్, 'ఐడ్ గో' అయితే వుడ్. 'ఐడ్ బెటర్ గో'లో మాత్రం హ్యాడే.

పరీక్షల్లో ఖాళీలు పూరించమనే బదులు అర్థం అడగాలి. 'షీ మే హావ్ డ్రౌన్డ్', 'వితౌట్ ద రోప్, షీ మైట్ హావ్ డ్రౌన్డ్' అని రెండు వాక్యాలిచ్చి, ఏ వాక్యంలో ఆమె బతికే ఉందని కచ్చితంగా చెప్పగలమో రాయమనాలి.